మొంగోటా: విక్టోరియా సరస్సు తీరాన అతినిద్రా వ్యాధి, మిషన్ వైద్యము, ఖాళీ చేయబడిన ద్వీపాలు (1900-1920)

వైద్య మిషనరీలను గూర్చి తెలుగులో మనం చదివేవి ఎక్కువగా జీవిత చరిత్రలు. వాటిలో రోగి వస్తాడు, వైద్యుడు చూస్తాడు, స్వస్థత కలుగుతుంది, ఆ ఊరిలో ఒక సంఘము వెలుస్తుంది. ఈ వరుసలో ఇమడని చరిత్రలు కూడా ఉన్నాయి. తూర్పు ఆఫ్రికాలోని ఉగాండా దేశంలో 1900 నుండి 1920 వరకు చెలరేగిన అతినిద్రా వ్యాధి అటువంటిది. విక్టోరియా సరస్సు ఉత్తర తీరాన, ద్వీపాలలో సుమారు 2,50,000 మంది ఈ వ్యాధితో మరణించారని చరిత్రకారులు లెక్క చెబుతారు. అంటే ఆ ప్రాంత జనాభాలో దాదాపు మూడవ వంతు. అక్కడ మిషన్ వైద్యులే రోగాన్ని మొదట గుర్తించారు గాని నయం చేయలేకపోయారు. ఆ తరువాత ప్రభుత్వం మరణాలను తగ్గించగలిగింది. అయితే మందులతో తగ్గించలేదు. తీరాన, ద్వీపాలలో ఉన్న ప్రజలను ఊళ్లకు ఊళ్లు లేపివేసి తగ్గించింది.

ప్రాణం నిలపడానికి నేలను తీసుకొనవచ్చునా? తీసుకొనే పక్షంలో ఆ మాట ఎవరు చెప్పాలి, ఎవరిని అడిగి చెప్పాలి? వలస పాలన కాలంనాటి వైద్య పరిచర్యను అంచనా వేసేవారు తప్పించుకోలేని ఈ ప్రశ్నలను ఉగాండా ఉదంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశము.

వ్యాధి స్వభావము

అతినిద్రా వ్యాధికి కారణం ట్రిపనోసోమా అనే ఏకకణ పరాన్నజీవి. సెట్సీ ఈగ కుట్టడం ద్వారా అది రక్తంలో ప్రవేశిస్తుంది. మొదట జ్వరం, తలనొప్పి, కీళ్లనొప్పులు, మెడ వెనుక గ్రంథుల వాపు కనిపిస్తాయి. తరువాత పరాన్నజీవి మెదడులోకి చేరుతుంది. అప్పుడు రోగి పగలు కునుకుతూ, రాత్రి మేలుకొని ఉంటాడు. నడక తడబడుతుంది, మాట ముద్దగా వస్తుంది, స్వభావం మారిపోతుంది. ఎంతో నెమ్మదస్తుడు అకారణంగా ఇంటివారి మీద పడి కొట్టవచ్చు. చివరకు అన్నం నోట్లో ఉండగానే నిద్రలోకి జారిపోతాడు. చికిత్స లేకపోతే మరణం దాదాపు తప్పదు. బుగాండా ప్రజలు దీనికి పెట్టిన పేరు మొంగోటా. కునికిపాట్లు పడటం అనే అర్థం నుండి వచ్చిన మాట అది. సెట్సీ ఈగను వారు కివు అంటారు.

వ్యాధిలో రెండు రకాలు ఉన్నాయి. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలోని గాంబియెన్సె రకం ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తుంది, ఎక్కువగా మనిషి నుండి మనిషికే వ్యాపిస్తుంది. తూర్పు, దక్షిణ ఆఫ్రికాలోని రొడీసియెన్సె రకం వారాలలో, నెలలలో ప్రాణం తీస్తుంది. అడవి జంతువులు, పశువులు దానికి దాగుచోటు. ఈ రెండూ కనిపించే దేశం ఉగాండా ఒక్కటే. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందుకు పోయాక దీని అవసరం కలుగుతుంది.

వ్యాధి కొత్తది కాదు. మాలీ రాజ్యాన్ని ఏలిన ఒక సుల్తాను 14వ శతాబ్దంలో ఈ నిద్రరోగంతోనే మరణించాడని అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ వ్రాశాడు. పశువులను చంపే ఈగగా సెట్సీని ఐరోపా పాఠకులకు బాగా పరిచయం చేసినవాడు ఒక మిషనరీ, డేవిడ్ లివింగ్‌స్టన్. 1857లో అచ్చయిన ఆయన యాత్రాగ్రంథంలో ఆ ఈగ బొమ్మ కూడా ఉన్నది. ఇక జంతువులలో రోగం కలిగించే ట్రిపనోసోమాను మొట్టమొదట కనుగొన్నది ఆఫ్రికాలో కాదు, ఆనాటి ఇండియాలో. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు డేరా ఇస్మాయిల్ ఖాన్ వద్ద గుర్రాలకు, ఒంటెలకు వచ్చే సర్రా రోగంలో దానిని చూశాడు. పై అధికారులు ఆయన మాటను అంతగా పట్టించుకోలేదు. (మన దేశంలో సెట్సీ ఈగ లేదు. కాని 2004లో, ఇప్పటి తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక రైతు రక్తంలో సర్రా క్రిమి కనబడింది. సాధారణంగా మనిషి రక్తంలో ఈ క్రిమిని చంపే ఒక ప్రోటీను ఆయనకు పుట్టుకతోనే లేదని తరువాత తేలింది.)

మెంగో ఆసుపత్రి

మచిలీపట్నంలో 1841లో నోబుల్, ఫాక్స్‌ల ద్వారా తెలుగు మిషన్‌ను ఆరంభించిన చర్చి మిషనరీ సొసైటీయే 1877లో ఉగాండాలో అడుగుపెట్టింది. రెండేళ్లకు శ్వేత పాదిరులుగా పిలువబడే కతోలిక మిషనరీలు వచ్చారు. డాక్టర్ ఆల్బర్ట్ రస్కిన్ కుక్ 1897లో మొంబాసా నుండి కాలినడకన బయలుదేరిన బృందంతో వచ్చి, రాజధాని అయిన మెంగో కొండ మీద ఆసుపత్రి తెరిచాడు. అదే బృందంలో వచ్చిన నర్సు కాథరీన్ టింప్సన్‌ను 1900లో వివాహమాడాడు. ఆయన సోదరుడు డాక్టర్ జాక్ కుక్ 1899లో వచ్చి చేరాడు.

కుక్ సోదరులకు ఒక మంచి అలవాటు ఉండేది. ప్రతి రోగికీ కేసు పుస్తకంలో ఒక పుట కేటాయించి, పేరు, ఊరు, లక్షణాలు, ఇచ్చిన మందు, చివరకు ఏమైనదీ వ్రాసేవారు. 1902లో పిడుగుపాటుకు ఆసుపత్రి కాలిపోయినా మళ్లీ కట్టి ఆ పని కొనసాగించారు. మిషన్ ఆసుపత్రి రిజిస్టర్లను ఆదాయ వ్యయాల లెక్కలుగా మాత్రమే చూసే మనవాళ్లకు ఈ పుస్తకాలను చూపించాలి. అవి ఈనాటికీ కంపాలాలోని మకెరెరె విశ్వవిద్యాలయంలో, ఆల్బర్ట్ కుక్ పేరుతో ఉన్న గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

1901 తొలి మాసాలలో బుసోగా ప్రాంతపు రోగులు కొందరు విచిత్రమైన మగతతో మెంగోకు వచ్చారు. ఇది పశ్చిమ ఆఫ్రికాను గూర్చిన పుస్తకాలలో తాము చదివిన అతినిద్రా వ్యాధే అని కుక్ సోదరులు పోల్చుకున్నారు. ప్రభుత్వ వైద్యాధికారికి తెలియజేశారు, జాక్ కుక్ అదే ఏడాది ఇంగ్లాండులోని వైద్యపత్రికకు వ్యాసం పంపాడు. తూర్పు ఆఫ్రికాలో ఇది పెద్దయెత్తున పాకుతున్నదని బయటి ప్రపంచానికి తెలిసింది అలాగే. తరువాత ప్రభుత్వ వైద్యుడు ఆబ్రి హాడ్జెస్ బుసోగాలో విచారించగా, అక్కడివారు ఈ రోగాన్ని 1896 ప్రాంతం నుండే చూస్తున్నట్టు తెలిసింది. అంటే ఆసుపత్రి గడప తొక్కేనాటికి ఐదేళ్లుగా ఊళ్లలో జనం చనిపోతూనే ఉన్నారు.

ఆల్బర్ట్ కుక్ రోగుల రక్తంలో ఫైలేరియా జాతికి చెందిన సన్నని పురుగులను చూశాడు. అవే ఈ వ్యాధికి కారణం కావచ్చునని లండనులో ఉన్న పాట్రిక్ మాన్సన్ అంతకుముందే ఊహించి ఉన్నాడు. ఇద్దరి ఊహా తప్పే. ఆ పురుగులు లేని తూర్పు తీరంలోనూ రోగం ఉన్నదని 1902లో వచ్చిన రాయల్ సొసైటీ పరిశోధక బృందం చూపించింది. అయితే ఆ బృందం రావడానికి కారణమైనది మాత్రం మిషన్ ఆసుపత్రి పెట్టిన కేకే.

రోగం ఎక్కడి నుండి వచ్చింది?

ఆనాటి అధికారులు, మిషనరీలు చాలామంది ఒక కథను నమ్మారు. కాంగో అడవుల గుండా స్టాన్లీ నడిపిన యాత్ర, ఎమిన్ పాషా వద్ద ఉండిపోయిన సూడాను సైనికులు, వారి వెంట వచ్చిన కుటుంబాలు ఈ రోగాన్ని పడమటి నుండి ఉగాండాకు మోసుకొచ్చారన్నదే ఆ కథ. పరదేశి రోగం తెచ్చాడనే మాట ఏ దేశంలోనైనా తొందరగా అంటుకొంటుంది. దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు దీనినే వల్లించాయి.

2004లో కొందరు పరిశోధకులు ఆనాటి వైద్య రికార్డులను మళ్లీ తిరగవేసి, వ్యాధి నడచిన వేగాన్ని, లక్షణాలను చూసి, ఇది పడమటి గాంబియెన్సె కాకపోవచ్చునని, తూర్పు రకమైన రొడీసియెన్సె అయి ఉంటుందని వాదించారు. వారి వాదన నిలబడితే పడమటి నుండి వచ్చిన పరదేశి కథ కూలిపోతుంది. రోగబీజం ఆ నేలలోనే, అక్కడి జంతువులలోనే ముందు నుండి ఉన్నట్టవుతుంది. అప్పుడు ప్రశ్న మారుతుంది: పూర్వం నుండి ఉన్న క్రిమి 1896 తరువాతనే ఇంతమందిని ఎందుకు చంపింది?

ఇందుకు జాన్ ఫోర్డ్ 1971లో ప్రచురించిన గ్రంథం మంచి దారి చూపిస్తుంది. ఆఫ్రికా రైతులు, పశుల కాపరులు పొదలు నరికి, పొలాలు దున్ని, మేకలను, పశువులను మేపి, ఈగకు నీడ దొరకని నేలను తరతరాలుగా నిలుపుకొంటూ వచ్చారని, ఆ వ్యవస్థ విరిగినప్పుడు ఈగ, దానితో రోగం ఊళ్లలోకి వచ్చాయని ఆయన వాదన. ఉగాండాలో ఆ వ్యవస్థ ఎలా విరిగిందో చూడండి. 1880ల చివర ఎర్ర సముద్రతీరాన దిగిన రిండర్‌పెస్టు అనే పశువుల మహామారి 1890 ప్రాంతానికి ఈ సరస్సు దగ్గరకు చేరి మందలను తుడిచిపెట్టింది. ఆ రోగం ఇటలీ సైన్యం కోసం తెచ్చిన పశువులతో, బహుశా ఇండియా పశువులతోనే, ఆఫ్రికాలో ప్రవేశించిందని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. మేసేవి లేక పచ్చిక బయళ్లు పొదలయ్యాయి. తినడానికి పాలూ మాంసమూ లేక మనుష్యులు చిక్కిపోయారు.

దీనికి తోడు యుద్ధాలు. ఈ భాగాన్ని మిషన్ చరిత్రకారులు తొందరగా దాటిపోతుంటారు గాని, దాటకూడదు. 1888 నుండి 1892 వరకు బుగాండాలో ముస్లిములు, ప్రొటెస్టంటులు, కతోలికులు అధికారం కోసం కత్తులు దూశారు. 1892 జనవరిలో మెంగో కొండ దగ్గర ప్రొటెస్టంటు పక్షం కతోలికులను ఓడించింది. ఓడినవారు సరస్సులోని దీవులకు, పడమటి ప్రాంతాలకు పారిపోయారు. 1897లో రాజు మ్వాంగా తిరుగుబాటు చేశాడు. అదే సంవత్సరం సూడాను సైనికుల తిరుగుబాటు బుసోగాలోని లూబా కోట దగ్గర జరిగింది. లూగాండా బైబిలు అనువాదకుడైన జార్జి పిల్కింగ్టన్ ఆ డిసెంబరులో అక్కడే చంపబడ్డాడు. పదేళ్లలో ఇన్నిసార్లు మనుష్యులు ఊళ్లు విడిచి పరుగెత్తితే అరటితోటలలో పొద పెరగకుండా ఎవరు చూస్తారు? ఈ యుద్ధాలే రోగాన్ని తెచ్చాయని నేననడం లేదు. రోగం మొదట కనబడిన బుసోగా ఆ దశకంలో ఏ స్థితిలో ఉన్నదో తెలియకుండా రోగచరిత్ర వ్రాయలేము అని మాత్రమే అంటున్నాను.

ఈగల పటము

1902 నవంబరులో అల్డో కాస్టెల్లాని అనే యువ ఇటలీ వైద్యుడు ఎంటెబ్బేలో ఒక రోగి వెన్నుపాము ద్రవాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తుండగా కదులుతున్న ట్రిపనోసోమా కనబడింది. ఆయన అప్పటికి స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాయే కారణమని నమ్ముతున్నందున దీని విలువ వెంటనే గ్రహించలేదు. 1903 మార్చిలో డేవిడ్ బ్రూస్, నబారోతో కలిసి వచ్చాడు. దక్షిణాఫ్రికాలోని జులూలాండులో పశువుల నగానా రోగానికి ట్రిపనోసోమాయే కారణమని, సెట్సీ ఈగ దానిని మోస్తున్నదని అంతకుముందే నిరూపించినవాడు ఆయన. కాస్టెల్లాని చెప్పినది వినగానే బ్రూస్‌కు దారి దొరికింది. ఈ ఆవిష్కరణ ఎవరిది అనే తగువు తరువాత సంవత్సరాల తరబడి పత్రికలకెక్కింది. అందులో మనకు పెద్దగా పనిలేదు.

మనకు కావలసినది ఆ తరువాతి మెట్టు. మనుష్యులలో కూడా రోగాన్ని ఈగే మోస్తున్నదా అని తేల్చాలంటే, ఈగ ఉన్న చోట్లు, రోగం ఉన్న చోట్లు ఒకటేనా అని చూడాలి. ఇంత దేశం తిరిగి ఈగలను పట్టేదెవరు? బ్రూస్ బుగాండా కతికిరోను, అనగా ప్రధానమంత్రి అపోలో కగ్వాను అడిగాడు. కగ్వా ప్రొటెస్టంటు క్రైస్తవుడు, చదువరి, తన జాతి రాజుల చరిత్రను లూగాండాలో వ్రాసి అచ్చువేయించినవాడు. ఆయన ఆజ్ఞతో ఊరి పెద్దలు, వారితోపాటు మిషనరీలు కుట్టే ఈగలను పట్టి, ఏ ఊరిలో పట్టినదీ చీటీ వ్రాసి ఎంటెబ్బేకు పంపారు. ఆ చీటీలను బట్టి ఈగల పటం ఒకటి, రోగుల పటం ఒకటి గీశారు. రెండు పటాలూ ఒకదానిమీద ఒకటి సరిపోయాయి: నీటి అంచున, నీడపొదలున్న చోట, ఆ సన్నని పట్టీలోనే ఈగా ఉంది, రోగమూ ఉంది. కోతుల మీద ప్రయోగాలు దీనిని బలపరిచాయి.

అక్షరం నేర్చిన ఊరి పెద్దలు లేనిదే ఊరి పేర్లతో ఆ చీటీలు వచ్చేవి కావు. మిషన్ బడులు చదవడం నేర్పింది సువార్తలను. ఆ చదువే ఇక్కడ ఒక శాస్త్ర పరిశోధనకు ఆధారమైంది. అయినా వైద్యచరిత్ర గ్రంథాలలో బ్రూస్, కాస్టెల్లాని పేర్లు పెద్ద అక్షరాలతో ఉంటాయి, కగ్వా పేరు వస్తే ఒక వాక్యంలో వచ్చి పోతుంది, ఈగలు పట్టినవారి పేర్లు అసలే లేవు. ఆ ఈగలను పట్టడానికి వారు ఏ పొదల్లోకి వెళ్లారో కూడా మనం ఆలోచించాలి. శాస్త్రజ్ఞులూ ప్రాణాలు ఇచ్చారనడం న్యాయమే: బ్రూస్ తరువాత పనిచేసిన లెఫ్టినెంట్ ఫోర్బ్స్ టల్లాక్ ప్రయోగశాలలో రోగం సోకి 1906లో మరణించాడు.

బుగాలా ద్వీపంలో కోక్

క్షయ క్రిమిని కనుగొన్న జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోక్, నోబెల్ బహుమతి పొందిన మరుసటి ఏడాది, 1906లో, సెసె ద్వీపసముదాయంలోని బుగాలాకు వచ్చి గుడారాలు వేశాడు. ఆర్సెనిక్ కలిసిన అటాక్సిల్ అనే మందును సూదిగా వేశాడు. మొదట్లో అద్భుతమే జరిగినట్టు కనిపించింది. రక్తంలో క్రిములు మాయమయ్యాయి, పడుకొన్నవారు లేచి నడిచారు. చుట్టుపక్కల తీరాల నుండి పడవలలో రోగులు తరలివచ్చారు. కొన్ని నెలలకు క్రిములు తిరిగి కనిపించగా కోక్ మోతాదు పెంచాడు. 22 మందికి చూపు పోయింది, మళ్లీ రాలేదు. అప్పుడు పెద్ద మోతాదు ఆపివేశాడు. రోగం ముదరక ముందు కొందరికి మేలు చేసినా, మెదడుకు చేరిన రోగాన్ని ఆ మందు మాన్పలేకపోయింది. కోక్ ఇచ్చిన సలహా, రోగులను ప్రత్యేక శిబిరాలలో వేరుచేసి ఉంచమని.

తీరం ఖాళీ

1906లో కమిషనరుగా వచ్చి మరుసటి ఏడాది గవర్నరు అయిన హెస్కెత్ బెల్ వేరే దారి పట్టాడు. మందు లేదు, ఈగలను చంపే ఉపాయం లేదు. ఇక మిగిలింది మనిషినీ ఈగనూ విడదీయడం. తీరం వెంట రెండు మైళ్ల వెడల్పున ఉన్న పట్టీని ఖాళీ చేయించాలని నిర్ణయించి, లండను అనుమతి వచ్చే వరకు ఆగకుండా పని మొదలుపెట్టాడు. రాజు దౌదీ చ్వా అప్పటికి పిల్లవాడు. ఆయన పక్షాన పాలిస్తున్న కగ్వా మొదలైన రీజెంట్లు ఒప్పుకున్నారు, ఊరి పెద్దల ద్వారా పని జరిగింది. మొదట ప్రధాన తీరం, తరువాత 1909 నాటికి సెసె, బువుమా మొదలైన ద్వీపాలు ఖాళీ అయ్యాయి. చేపలు పట్టడం, నిర్ణయించిన రేవులలో తప్ప పడవ దిగడం నిషేధించారు.

బెల్‌ను నిందించడం సులభం. ఆయన చూస్తుండగా వారం వారం వందలమంది చనిపోతున్నారు, తరలింపు తరువాత కొత్త రోగుల సంఖ్య నిజంగానే పడిపోయింది. ఆ మేలును కాదనలేము. కాని రెండు సంగతులను లెక్కలోకి తీసుకోవాలి.

ఒకటి, ప్రభుత్వ రాజధాని ఎంటెబ్బే కూడా సరస్సు ఒడ్డునే ఉన్నది. దానిని ఎవరూ ఖాళీ చేయించలేదు. అక్కడ, ఇతర ముఖ్యమైన రేవులలో పొదలు నరికించి, ఈగకు నీడ లేకుండా చేశారు. ఇది ఫలించింది. అంటే మనుష్యులను ఉంచి పొదలను తీసివేసే ఉపాయం తెలుసు. దానికి కూలి ఖర్చు ఎక్కువ. ఎక్కడ ప్రభుత్వం కాపురమున్నదో అక్కడ పొద తొలగింది, ఎక్కడ పల్లెకారులున్నారో అక్కడ పల్లెలు తొలగాయి. ఏడాదికి గుడిసెకు మూడు రూపాయల చొప్పున పన్ను కడుతున్నవారు ఈ పల్లెవాసులే. (రూపాయలే, అప్పట్లో ఉగాండాలో చెలామణి అయ్యింది మన ఇండియా రూపాయి.)

రెండవది, తిరిగివచ్చే మాట. జనం వెళ్లిపోతే ఈగకు రోగపు రక్తం దొరకదు, కొంతకాలానికి ఈగలు నిర్దోషమవుతాయి, అప్పుడు అందరూ తిరిగి రావచ్చునని మొదట అనుకున్నారు. ఈగ మురికి సూదిలాగా రోగాన్ని కొద్ది గంటలు మాత్రమే మోస్తుందని బ్రూస్ ఆనాడు నమ్మినందున ఈ ఆశ కలిగింది. 1909లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ క్లైన్, క్రిమి ఈగ కడుపులో పెరిగి, అది బ్రతికినంత కాలం ఉంటుందని చూపించాడు. మనుష్యులు లేని దీవులలో ఏళ్లు గడిచినా ఈగలలో క్రిములున్నాయి. మడుగులలో తిరిగే సితుతుంగా అనే జింకలు వాటికి ఆహారం, క్రిమికి ఆశ్రయం. డాక్టర్ హేల్ కార్పెంటర్ ఆ నిర్జన ద్వీపాలలో ఏళ్ల తరబడి ఒంటరిగా ఉండి ఈగల మీద పరిశోధన చేశాడు. ఇంటివారికి నిషేధమైన నేల మీద పరిశోధకుడు మాత్రం నివసించగలిగాడు. కొద్దికాలమే అనుకున్న ఎడబాటు సెసె ప్రజలకు 1920 దాకా సాగింది.

సెసె ప్రజలు ఏమి వదిలి వెళ్లారు? వారు పడవలు కట్టడంలో, నడపడంలో బుగాండా అంతటా పేరుగన్నవారు. సరస్సు మీద రాజుల సైన్యాలను, వర్తకులను, తరువాత మిషనరీలను మోసినది వారి తెడ్లే. బుబెంబే ద్వీపంలో ముకాస దేవుని గుడి ఉండేది. సరస్సుకు, చేపలకు, సంతానానికి, స్వస్థతకు అధిపతిగా బుగాండా ప్రజలు కొలిచిన ఆ దేవుని గుర్తు ఒక తెడ్డు. ఆయన యుద్ధం కోరడు, నరబలి కోరడు అని చెప్పుకొనేవారు. ముకాసను గూర్చి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం చర్చి మిషనరీ సొసైటీకి చెందిన జాన్ రాస్కో వ్రాసిన గ్రంథం నుండి వచ్చింది. ఆయనకు సమాచారం ఇచ్చినవారిని సమకూర్చడంలో కగ్వాయే తోడ్పడ్డాడు. ఆ పుస్తకం 1911లో అచ్చయింది. అప్పటికి రెండేళ్లుగా బుబెంబేలో పూజారి లేడు, పడవ లేదు, పూజకు వచ్చేవారూ లేరు. మిషనరీలు ఎంత బోధించినా పూర్తిగా మానని పూజను ఒక ఈగ, ఒక ప్రభుత్వ ఉత్తర్వు కలిసి ఆపివేశాయి. దీనిని క్రైస్తవ్యపు విజయంగా లెక్క వేసుకోవడానికి నాకు మనస్కరించదు.

క్రైస్తవులూ తమ పవిత్ర స్మృతులను పోగొట్టుకున్నారు. 1893 డిసెంబరులో పిల్కింగ్టన్ ఏకాంతంగా ప్రార్థనలో గడిపి, కొత్త బలంతో తిరిగివచ్చి ఉజ్జీవానికి నాంది పలికిన కోమె ద్వీపం ఈ సరస్సులోనే ఉన్నది. ఆ ఉజ్జీవం తరువాత బుగాండా సువార్తికులు పడవలెక్కి దీవి దీవికీ వెళ్లారు. పదిహేనేళ్లు తిరగకముందే వారు దిగిన రేవులను అడవి కప్పివేసింది.

మరి సంఘము ఏమి చేసింది? రోగులను ఆదరించింది, చనిపోతున్నవారి పక్కన కూర్చుంది. ప్రొటెస్టంటులకన్న ఈ విషయంలో కతోలిక పాదిరులు, సన్యాసినులు ఎక్కువ భారం వహించారని ఒప్పుకోవాలి. కాని తరలింపు జరిగిన తీరును గూర్చి, నేల మీద వారి హక్కును గూర్చి మిషన్లు గట్టిగా మాట్లాడలేదు. కారణం దాచిపెట్టవలసినది కాదు: 1900 ఒప్పందం ప్రకారం భూములు పంచుకున్నవారిలో క్రైస్తవ పెద్దలు, మిషన్లు కూడా ఉన్నారు. తరలింపు ఆజ్ఞను ఊరూరా అమలుచేసినవారు ఆ క్రైస్తవ పెద్దలే. పడవవాడి పక్షాన మాట్లాడవలసిన నోరు, అతన్ని పడవ దిగమని చెబుతున్న నోరు ఒకే సంఘానికి చెందినవి.

తిరుగు ప్రయాణము

1920 తరువాత కొందరు సెసెకు తిరిగి వచ్చారు. మహామారిలో సగం మందికి పైగా చనిపోయారు. బ్రతికినవారి పిల్లలు ప్రధాన భూమి మీదనే పెరిగారు, పడవ కట్టడం నేర్పే పెద్దలు చాలామంది లేరు. ఆల్బర్ట్ కుక్ మాత్రం ఉగాండాలోనే ఉండి 1934లో పదవీ విరమణ చేసి, 1951లో అక్కడే కన్నుమూశాడు.

రోగం అంతటితో పోలేదు. బుసోగాలో 1976లో మళ్లీ చెలరేగి వేలమందికి సోకింది, ఈసారి నిస్సందేహంగా రొడీసియెన్సె రకం. మెదడుకు చేరిన రోగానికి 1949 నుండి వాడుతూ వచ్చిన మెలార్సోప్రాల్ కూడా ఆర్సెనిక్ మందే. దాని విషానికే వందకు ఐదుగురి వరకు చనిపోయేవారు. గాంబియెన్సె రకానికి నోటి ద్వారా పది రోజులు వేసుకొనే ఫెక్సినిడజోల్ మాత్రలు 2018 చివరి నుండి అందుబాటులోకి వచ్చాయి. కోక్ బుగాలాలో సూది పట్టుకొన్న నాటి నుండి దీనికి పట్టిన కాలం 112 ఏళ్లు. 2018 నుండి ఆఫ్రికా మొత్తం మీద ఏడాదికి నమోదయ్యే రోగుల సంఖ్య వెయ్యి లోపే ఉంటున్నది. ఉగాండాలో గాంబియెన్సె రకం ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ధ్రువీకరించింది. పశువులలో దాగే రొడీసియెన్సె రకం ఇంకా ఉన్నది.

ఈ పని ఇప్పుడు ఎలా జరుగుతున్నదో చూస్తే బెల్ కాలానికి ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది. 2006 నుండి ఉగాండాలో పశువైద్య విద్యార్థులు పల్లెలు తిరిగి వేలాది పశువులకు మందు వేశారు, ఈగ వాలితే చచ్చేలా వాటి ఒంటి మీద మందు చల్లారు. వాయవ్య జిల్లాలలో ఏటి గట్ల వెంట, క్రిమిసంహారిణిలో ముంచిన జానెడు నీలి గుడ్డను, దాని పక్కనే అంతే నల్లని వలను పుల్లలకు కట్టి నిలబెడుతున్నారు. ఈగకు నీలిరంగు మీద ఆకర్షణ. గుడ్డ మీద వాలి చనిపోతుంది. ఆ ఏటిలోనే ఆడవాళ్లు బట్టలు ఉతుకుతారు, పిల్లలు నీళ్లు ముంచుకొని ఇంటికి పోతారు.